ఎడమ మోకాలికి ఎసిఎల్ సర్జరీ అయ్యాక మళ్లీ రోడ్డు మీద సైకిల్ తొక్కడం గురించి

పటమట మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను విజయవాడ పటమటలో ఉంటాను, జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను, వయసు 46. షటిల్ ఆడుతూ వెనక్కి వెళ్తున్న కాక్‌ను అందుకోబోయినప్పుడు ఎడమ మోకాలు మెలితిరిగింది. ఎమ్మారై తీయిస్తే ఎసిఎల్ (మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగిందనీ, లోపలి వైపు మెనిస్కస్ (ఆ ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) కూడా చిరిగిందనీ తేలింది. శ్రావణంలో సర్జరీ జరిగింది. తొడ వెనుక నుంచి హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ (అక్కడి కండను ఎముకకు కలిపే తాడు లాంటిది) తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు, మెనిస్కస్‌కు కుట్లు వేశారు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది.

దెబ్బ తగలక ముందు ఆదివారాలు తెల్లవారకముందే బయలుదేరి, బందరు రోడ్డు మీదుగా ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి నుంచి కరకట్ట వెంబడి వెంకటపాలెం దాకా సైకిల్ మీద వెళ్లి వచ్చేవాడిని. కిందటిసారి ఓపీలో చూపించుకున్నప్పుడు "మూడు నెలలు దాటింది కదా, సైకిల్ తొక్కవచ్చు" అని సర్జన్ గారు ఒక్క మాటలో చెప్పారు. బయట చాలామంది వేచి ఉండటంతో ఏ సైకిల్, ఎక్కడ, ఎంతసేపు అని అడగడానికి వీలు చిక్కలేదు. ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కుతున్నాను, మోకాలు 120 డిగ్రీల దాకా మడుస్తోంది, కానీ కాలేజీలో ఎక్కువసేపు నిలబడిన రోజు సాయంత్రానికి కొంచెం వాపు వస్తోంది.

నా సైకిల్ గేర్లున్న రోడ్ బైక్, బూటు బిగుసుకునే క్లిప్ పెడళ్లు ఉన్నాయి. రోడ్డు మీదికి ఎప్పుడు వెళ్లవచ్చో, ఆ పెడళ్లు ఉంచుకోవచ్చో లేదో, మోకాలికి బెల్టు అవసరమో కాదో అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

గుంటూరు ఫిజియో:

మాస్టారు గారికి నమస్కారం. నేను మిమ్మల్ని పరీక్షించలేదు కాబట్టి ఇక్కడ రాసేది మీ ఫిజియోథెరపిస్టును అడగవలసిన విషయాలుగా తీసుకోండి.

మీ సర్జన్ గారు చెప్పింది సరైనదే. చదునైన చోట సీటు మీద కూర్చుని తేలిక గేరులో తొక్కుతున్నంతసేపూ కొత్త లిగమెంట్ మీద పడే లాగుడు చాలా తక్కువ. శరీరం బరువును సీటు మోస్తుంది, పాదం నేలకు అతుక్కుని ఉండదు, మోకాలు మడుచుకుని చాచుకోవడమే తప్ప మెలితిరిగే అవకాశం ఉండదు. అందుకే ఇంట్లో సైకిల్ తొక్కడం చాలా చోట్ల తొలి వారాలలోనే మొదలుపెట్టిస్తారు. ఇంట్లోని సైకిల్ పడిపోదు, ఆగదు, దాని ముందుకు కుక్క అడ్డం రాదు. రోడ్డు మీది సైకిల్‌తో వచ్చే తేడా ఇదే. తొక్కడంలో లేని ప్రమాదం ఎక్కడంలో, దిగడంలో, అకస్మాత్తుగా కాలు కింద పెట్టడంలో ఉంది.

మీది ఎడమ మోకాలు కావడం వల్ల ఇది మరింత ముఖ్యం. మనలో దాదాపు అందరం సైకిల్‌ను ఎడమ పక్క నుంచి ఎక్కుతాం, అంటే ఎడమ కాలి మీద నిలబడి, నడుము తిప్పి, కుడి కాలిని సీటు మీదుగా అవతలికి వేస్తాం. పాదం నేల మీద నిలిచి ఉండగా పైనున్న శరీరం తిరగడమే షటిల్ కోర్టులో మీ లిగమెంటును తెంపింది. ఆగేటప్పుడు కూడా రోడ్డు అంచు ఎడమ వైపే ఉంటుంది కాబట్టి అలవాటుగా ఎడమ కాలే కిందికి వస్తుంది.

లోపల జరుగుతున్నది కూడా తెలుసుకోవడం మంచిది. అమర్చిన రోజున ఆ టెండన్ బలంగానే ఉంటుంది. తరువాత రక్తప్రసారం లేక దాని కణాలు చాలావరకు చనిపోతాయి, చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు చొచ్చుకు వచ్చి దాన్ని మెల్లగా లిగమెంటుగా మారుస్తాయి. సుమారు 6 నుంచి 12 వారాల మధ్య అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది, పూర్తిగా కుదుటపడటానికి ఏడాది పైనే పడుతుంది. నొప్పి తగ్గి మనిషికి ధైర్యం వచ్చేది కూడా ఆ బలహీన కాలంలోనే, మా వృత్తిలో పెద్ద తలనొప్పి అదే. నాలుగో నెలలో ఉన్నారు కాబట్టి మీరు ఆ గండం దాటారు, కానీ గమ్యం ఇంకా దూరమే.

కాబట్టి నెలలు లెక్కపెట్టడం కంటే మోకాలిని చూడటం మేలు. ఉదయం లేవగానే చిప్ప మధ్యలో టేపు చుట్టి కొలత రాసుకోండి. సైకిల్ తొక్కిన మర్నాడు అదే చోట కొలిచినప్పుడు సెంటీమీటరు పెరిగిందంటే ముందురోజు చేసింది ఎక్కువైందని అర్థం, అది తగ్గే దాకా తొక్కే సమయం పెంచకూడదు. వాపును చిన్న విషయంగా చూడకండి. కీలులో కొద్దిపాటి నీరు చేరినా తొడ ముందు కండకు మెదడు నుంచి వచ్చే ఆదేశం మందగిస్తుంది, మీరు ఎంత వ్యాయామం చేసినా ఆ కండ పెరగదు. నిలబడి పాఠం చెప్పడం వల్ల వాపు వస్తుంటే కొన్నాళ్లు కుర్చీలో కూర్చుని చెప్పండి, పిల్లలు ఏమీ అనుకోరు.

రోడ్డు మీదికి వెళ్లే ముందు నేను నా దగ్గరకు వచ్చేవారిలో చూసేవి ఇవి. మోకాలు పూర్తిగా, రెండో కాలితో సమానంగా, చాచుకోవాలి. రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగగలగాలి. కుర్చీలో నుంచి ఎడమ కాలి మీదే, మోకాలు లోపలికి వాలిపోకుండా, లేవగలగాలి. చిన్న మెట్టు మీది నుంచి కిందికి దూకి రెండు కాళ్ల మీద నిశ్శబ్దంగా నిలబడగలగాలి. చివరిదానికి మీ సర్జన్ గారి అనుమతి అడిగి, ఫిజియో సమక్షంలోనే ప్రయత్నించండి. మీకు మెనిస్కస్ కుట్లు కూడా పడ్డాయి కాబట్టి బరువు వేసి లోతుగా మడవడం, అంటే గొంతుక్కూర్చోవడం, బాసిపట్టు వేయడం వంటివి వారు ఒప్పుకొనేదాకా వద్దు.

సీతానగరం రైడర్:

మాస్టారు గారూ, నాకూ ఎడమ మోకాలే, ఇదే సర్జరీ. ఫిజియో గారు చెప్పిన ఎక్కడం దిగడం గురించి మాత్రం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దాన్ని ఎవరూ నేర్పరు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్లు ఆఫీసులకు వెళ్లిపోయిన వేళ, తొక్కకుండా ఎక్కడం దిగడం మాత్రమే సాధన చేశాను. సైకిల్‌కు కుడి పక్కన నిలబడి, రెండు బ్రేకులూ పట్టుకుని, సైకిల్‌ను మన వైపుకు బాగా వాల్చాలి. అప్పుడు సీటు కిందికి వస్తుంది. బరువంతా మంచి కాలైన కుడికాలి మీద ఉంచి, ఎడమ కాలిని సీటు మీదుగా అవతలికి వేయాలి. చైను కుడివైపు ఉంటుంది కాబట్టి ప్యాంటుకు గ్రీజు మరకలు తప్పవు, పాత ప్యాంటు వేసుకోండి. ఆగేటప్పుడు ముందుగానే తేలిక గేరులోకి వచ్చి, ఎడమ పెడల్‌ను అడుగుకు తెచ్చి, వేగం తగ్గాక సైకిల్‌ను కొద్దిగా కుడికి వాల్చి కుడి పాదం దించాలి. ఇన్నేళ్ల అలవాటు ఎడమ వైపుది కాబట్టి మొదట్లో చెయ్యీ కాలూ ఒకదానికొకటి వినవు. ఆలోచించకుండానే కుడికాలు దిగే దాకా సెల్లార్ దాటవద్దు.

ఇందులో ఒక చిక్కు ఉంది. మన రోడ్ల మీద కుడి పక్క అంటే వాహనాలు వచ్చే పక్క. అందువల్ల మొదటి రోజుల్లో బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు, బెంజి సర్కిల్ పరిసరాలు పూర్తిగా మరిచిపోండి. బ్యారేజీ చదునుగా ఉంటుందని మీకు అనిపించవచ్చు, నిజమే, కానీ ఇప్పుడు కార్తీకం. తెల్లవారుజాము నుంచే స్నానాలకు వచ్చేవారు, ఫొటోలు దిగేవారు, ఉన్నట్టుండి ఆగే ఆటోలు ఉంటాయి. కరకట్ట ఇరుకు, ఎదురుగా కారు వస్తే అంచు దిగవలసి వస్తుంది, ఆ అంచున కాలు పెట్టడమే మీకు ఇప్పుడు పనికిరానిది. వీలైతే సైకిల్‌ను కారులో పెట్టుకుని అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డుకు వెళ్లండి. అది వెడల్పుగా, చదునుగా ఉంటుంది, ఆగాలంటే చోటుకు కొదవలేదు. అక్కడ నిర్మాణాల లారీలు తిరుగుతాయి, అవి మొదలవకముందే తిరిగి వచ్చేయాలి. చుట్టూ ఖాళీ కావడంతో గాలి కూడా ఎక్కువే. ఎదురుగాలి మీ మోకాలికి ఎత్తు రోడ్డుతో సమానం, కాబట్టి వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లి, అలసిపోయి వచ్చేటప్పుడు గాలి వెనుక ఉండేలా చూసుకోండి. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కడం, సీటు మీద నుంచి లేచి తొక్కడం, కొండవీడు ఘాట్ రోడ్డు వంటివన్నీ చాలా తరువాతి మాట.

క్లిప్ పెడళ్లు తీసేయండి. బూటు ఊడిరావాలంటే మడమను బయటికి తిప్పాలి, ఆ మెలిక మోకాలి దాకా పాకుతుంది. పైగా కంగారులో ఊడకపోతే సైకిల్‌తో సహా పడతాం. మీకు టెండన్ తీసింది తొడ వెనుక నుంచి కాబట్టి పెడల్‌ను పైకి లాగే తొక్కుడు కూడా ఇప్పుడు ఆ కండకు మంచిది కాదు. ఎవరిదైనా లేడీస్ సైకిల్ దొరికితే మొదటి నెల దాని మీదే తొక్కండి. మధ్యలో రాడ్డు లేకపోవడం ఎంత హాయో మగవారికి తెలియదు.

బ్రాడీపేట పెద్దాయన:

నాకు 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు ఉన్నా రోజూ అమరావతి రోడ్డు వైపు సైకిల్ మీద వెళ్లి వస్తాను. ఇన్ని కొలతలు, ఇన్ని జాగ్రత్తలు పెట్టుకుంటే మనిషికి భయమే మిగులుతుంది. రాత్రిపూట గోరువెచ్చని నువ్వుల నూనెతో మోకాలికీ పిక్కకూ బాగా మర్దన చేయించి, పొద్దున మెడికల్ షాపులో దొరికే మోకాలి బెల్టు వేసుకుని బయలుదేరడమే. మా కాలంలో అందరం అలాగే చేశాం.

గుంటూరు ఫిజియో:

పెద్దాయనా, మీ ఓపికకు దండం పెట్టాలి. అయితే మీది అరుగుదల నొప్పి, మాస్టారు గారిది తెగి కట్టిన లిగమెంట్, రెంటికీ దారులు వేరు. అరిగిన మోకాలికి సైకిల్ నిజంగానే మంచి వ్యాయామం, అది మానవద్దు.

నూనె విషయంలో మాత్రం ఒప్పుకోలేను. కాలి సర్జరీ తరువాత కొంతమందికి పిక్కలోని లోతైన సిరలో రక్తం గడ్డకడుతుంది. పిక్క నొప్పి, వాపు, వేడి ఉన్నప్పుడు దాన్ని గట్టిగా మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఆ లక్షణాలు కనిపిస్తే మర్దన కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడి కాలిపోతున్నా, మోకాలు ఎక్కడో పట్టేసి చాచుకోలేకపోయినా, నడుస్తుండగా జారిపోయినట్టు అనిపించినా అంతే. మామూలు బెల్టు కొంచెం వెచ్చదనం, కొంచెం ధైర్యం ఇస్తుంది, పడిపోతున్న మోకాలిని మెలితిరగకుండా మాత్రం ఆపలేదు. వేసుకుంటే తప్పు లేదు, దాన్ని నమ్ముకుని రద్దీలోకి వెళ్లడమే తప్పు.

పటమట మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. సైకిల్ ఎక్కే తీరు గురించి ఇంత ఆలోచించాలని నాకు తోచలేదు. మరొక సందేహం. ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్ కాసేపు తొక్కాక చిప్ప కింద, ముందు వైపున సన్నగా నొప్పి వస్తోంది. అదే సైకిల్‌ను మా అబ్బాయి కూడా వాడతాడు, వాడికి తగినట్టు సీటు కిందికి ఉంటుంది, నేను మార్చకుండానే ఎక్కుతున్నాను. బరువు పెంచే మర కూడా మధ్యలో ఉంచుతున్నాను, లేకపోతే వ్యాయామం అయినట్టు అనిపించదు.

గుంటూరు ఫిజియో:

నొప్పికి కారణం చాలావరకు మీరే రాశారు. సీటు తగ్గిన కొద్దీ పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు ఎక్కువ మడుస్తుంది, ఆ మడతలో బలంగా తొక్కితే చిప్ప తొడ ఎముకకు గట్టిగా అదుముకుంటుంది. పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిరగడానికే మోకాలు సుమారు 110 డిగ్రీలు మడవాలి, సీటు తక్కువైతే ఇంకా ఎక్కువ. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి, పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. ఆ ఎత్తులో పాదం ముందు భాగంతో తొక్కితే అడుగున 25 నుంచి 35 డిగ్రీల మడత మిగులుతుంది, అది సరిపోతుంది. ఇకమీదట నొప్పి మోకాలి వెనుక వస్తే సీటు మరీ ఎత్తయిందని అనుమానించి కొంచెం దించండి. మీ ఎత్తు దగ్గర సీటు రాడ్డు మీద మార్కర్‌తో గీత గీసుకుంటే అబ్బాయితో పేచీ ఉండదు.

బరువు మర తగ్గించి, కాళ్లు నిమిషానికి 70, 80 చుట్లు తిరిగేలా తొక్కండి. కండ పెంచే పని సైకిల్‌కు అప్పగించకండి, దానికి వేరే వ్యాయామాలు ఉన్నాయి, మీ ఫిజియో ఇచ్చినవి మానకండి. ఈ మార్పుతో చిప్ప నొప్పి పూర్తిగా తగ్గాకే బయటి సైకిల్ సంగతి చూద్దాం.

సీతానగరం రైడర్:

రోడ్ బైక్‌కూ ఇదే కొలత పెట్టుకోండి, కానీ మోకాలికి తగిన ఎత్తులో సీటు ఉంటే కూర్చుని ఉండగా పాదం నేలకు పూర్తిగా ఆనదు, మునివేళ్లే తగులుతాయి. అందుకే ఆగేటప్పుడు సీటు మీదే కూర్చుని కాలు చాపకండి, ముందుకు జరిగి సీటు దిగి కుడి పాదం పెట్టాలి. దీన్నీ సెల్లార్‌లోనే అలవాటు చేసుకోండి.

క్లిప్ పెడళ్లు ఇంట్లోనే తీయాలనుకుంటే ఒక మాట. కుడి పెడల్ మామూలు మరలాగే అపసవ్యంగా తిప్పితే వదులవుతుంది. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, దాన్ని సవ్య దిశలో తిప్పితేనే ఊడుతుంది. చాలా పెడళ్లకు 15 సైజు స్పానర్ సరిపోతుంది, కొన్నింటికి అలెన్ కీ కావాలి. బిగుసుకుపోయి ఉంటే కాలు ఆనించి బలవంతం చేయకుండా సైకిల్ షాపులో ఇవ్వండి. మామూలు పెడళ్లు కొనేటప్పుడు ప్లాస్టిక్‌వి నునుపుగా ఉన్నవి వద్దు, పాదం జారకుండా పళ్లున్నవి చూడండి.