తలకు పాత దెబ్బ, ఇప్పుడు మెదడులో కణితి: సంబంధం ఉందా?

పరకాల_బిడ్డ:
మా బాపు గీత కార్మికుడు. నా చిన్నప్పుడు మోకు తెగి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. తలకు కుట్లు పడ్డాయి, రెండు రోజులు సోయి లేదు. తర్వాత బాగానే ఉన్నాడు. ఈ ఎండాకాలం ఫిట్స్ వస్తే ఎమ్మారై తీశారు, మెనింజియోమా అన్నారు. ఆనాటి దెబ్బే ఇట్లా చేసిందని అమ్మ ఒకటే ఏడుపు. ఆ రోజు బాపును చెట్టు ఎక్కమని అడిగింది చిన్నాయన. అమ్మ మాటలు పడలేక ఆయన మా ఇంటికి రావడమే మానేశాడు. నిజంగా దెబ్బ వల్లనే వస్తుందా?

హన్మకొండ_సిస్టర్:
తమ్మీ, న్యూరో వార్డులో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. కణితి అని తెలియగానే ప్రతి ఇంట్లో ఏదో ఒక పాత దెబ్బ గుర్తుకొస్తుంది. బండి మీంచి పడనివాళ్లు, తలకు గుమ్మం తగలనివాళ్లు ఎవరున్నారు చెప్పు? మెనింజియోమా మెదడు చుట్టూ ఉండే పొరల్లో పుడుతుంది. చాలావరకు క్యాన్సర్ కాదు, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. చిన్నప్పుడు తలకు రేడియేషన్ ఇచ్చి ఉంటే మాత్రం ముప్పు పెరుగుతుందని గట్టిగా తేలింది. అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతి.

కాజీపేట_పాఠకుడు:
దీని మీద పెద్ద లెక్కలే ఉన్నాయి. డెన్మార్క్‌లో 1977 నుంచి 1992 దాకా తల దెబ్బతో ఆస్పత్రిలో చేరిన 2,28,055 మంది సంగతి చూశారు. దెబ్బ తగిలిన మొదటి ఏడాది కణితులు ఎక్కువే కనిపించాయి. దెబ్బ కోసం స్కాన్ తీస్తే అప్పటికే లోపల ఉన్నది బయటపడింది. కొందరైతే కణితి వల్లే ఫిట్స్ వచ్చి పడి ఉంటారు. ఏడాది దాటాక చూస్తే చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. స్వీడన్‌లో 3 లక్షలకు పైగా మందిని చూసినా సంబంధం కనబడలేదు.

నర్సంపేట_డ్రైవర్:
అన్నా, తలకు దెబ్బ తగిలిన అమెరికా సైనికులకు మెదడు క్యాన్సర్ ఎక్కువ వచ్చిందని ఎక్కడో చదివాను, అది అబద్ధమా?

కాజీపేట_పాఠకుడు:
అబద్ధం కాదు. ఆ అధ్యయనం 2024లో వచ్చింది, దాదాపు 19 లక్షల మంది మాజీ సైనికుల మీద. చిన్న దెబ్బలకు తేడా లేదు. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన దెబ్బలు తగిలినవాళ్లలో ముప్పు దాదాపు రెట్టింపు. పుర్రెను చీల్చుకుపోయిన గాయాలైతే ఇంకా ఎక్కువ. కాబట్టి తీవ్రమైన దెబ్బను పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ ఆ తీవ్రమైన దెబ్బల వర్గంలో క్యాన్సర్ వచ్చింది 17 మందికే. పైగా వాళ్లు లెక్కపెట్టింది మెదడు క్యాన్సర్‌ను, బాపుకు ఉన్నలాంటి మెనింజియోమాను కాదు.

నర్సంపేట_డ్రైవర్:
మా ఇంట్లో జరిగింది చెప్తా. మా అత్తమ్మ బాత్రూంలో జారిపడింది. బొప్పి కట్టింది, అంతే. గుండె కోసం రక్తం పలచబడే గోళీలు వాడేది. కొన్ని వారాలకు చెప్పు కాలికి నిలవడం లేదు, ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తోంది, మాట తడబడుతోంది. వయసు మీద పడిందని అందరూ అన్నారు. మా ఇంటావిడ ఒప్పుకోలేదు, పట్టుబట్టి వరంగల్ తీసుకుపోయింది. సీటీలో పుర్రె కింద పాత రక్తం చేరినట్టు కనబడింది. చిన్న రంధ్రం చేసి తీసేశారు. ఇప్పుడు తన పని తానే చేసుకుంటోంది.

హన్మకొండ_సిస్టర్:
దెబ్బ తగిలినప్పుడు నిజంగా భయపడాల్సింది దీనికి. వయసు పైబడినవాళ్లు, బాగా తాగేవాళ్లు, ఈ గోళీలు వాడేవాళ్లు పడితే నెలా రెండు నెలలు కన్నేసి ఉంచండి. తలనొప్పి పెరిగినా, మగతగా ఉన్నా, నడక మారినా ఆగొద్దు.

పరకాల_బిడ్డ:
ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. చిన్నాయనకు ఫోన్ చేయమని తనే అన్నది. ఇంకొకటి అక్కా, ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అవుతుందా?

హన్మకొండ_సిస్టర్:
మెదడు కణితి ఆపరేషన్లు అందులో ఉన్నాయి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. రేషన్ కార్డు, ఆధార్, ఎమ్మారై ఫిల్ములు, సీడీ అన్నీ వెంట తీసుకుపో. ఫిట్స్ గోళీలు ఒక్క పూట కూడా ఆపనీయకు.