పాత దండ విప్పి కొత్త నగలు చేయడం: నిలబెట్టడమా, చెరిపేయడమా?

పూసలడబ్బా, విజయవాడ:

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా పాత పూసలు, తెగిన గొలుసు ముక్కలు, జత పోయిన చెవి బుట్టలు, పాత గుండీలు పోగేసి నగలు చేస్తున్నాను. ఇన్నేళ్లలో రాని అనుమానం పోయిన వారం వచ్చింది.

ఒకావిడ వాళ్ల అమ్మమ్మ దండ తెచ్చారు. రెండు పేటలు. పగడాలు, ముత్యాలు, మధ్యమధ్య బంగారు గుండ్లు. విప్పేసి ముగ్గురు మనవరాళ్లకు మూడు చిన్న గొలుసులు చేయమన్నారు. మామూలుగా అయితే వెంటనే ఒప్పుకునేదాన్ని. తెల్ల తువ్వాలు పరిచి దాని మీద పెట్టి చూశాను. దారం చెమటకు బిరుసెక్కి, వేలు తగిలితే పొడిపొడిగా రాలుతోంది. పగడాలను రెండు వైపుల నుంచీ తొలిచారు. ఆ రెండు బెజ్జాలూ లోపల సూటిగా కలవలేదు, సూది అక్కడ ఆగి పక్కకు వంగితేగానీ దిగదు. మెడ వెనక్కి వెళ్లే చోట ఒక్క పగడం రంగు మాత్రం తేడాగా ఉంది. దీపానికి అడ్డు పెడితే లోపల చిన్న గాలిబుడగ కనిపించింది. అది ఎర్రగాజు పూస! ఎప్పుడో ఒక పగడం పోతే గాజుపూస తెచ్చి, ఎవరికీ కనపడకుండా వెనక గుచ్చుకున్నారు. అది చూశాక కత్తెర పెట్టబుద్ధి కాలేదు.

ఫొటో పెడితే ఒకరు "ఇది ఒక మనిషి జ్ఞాపకం, విప్పడానికి నువ్వెవరు?" అని రాశారు. రెండు రోజులు ఆ మాటే చెవుల్లో తిరిగింది. నా మటుకు నాకు, దారం నగ కాదు. ఏ పాత దండ అయినా నాలుగైదుసార్లు తిరగ గుచ్చిందే అయి ఉంటుంది. అయినా దండ రూపం మార్చడం వేరు, తిరగ గుచ్చడం వేరు అని లోపల ఏదో అంటోంది. మీరేమంటారు?

తాండాబిడ్డ, మహబూబాబాద్:

అక్కా, మీ దండ సంగతి నేను చెప్పలేను. అది ఆ ఇంటోళ్ల సొత్తు, ఆ ఇంటి పిల్లలకే పోతున్నది. కానీ పాత ముక్కలతోటి నగలు అనంగనే నాకు గుర్తొచ్చేది వేరే.

మా నానమ్మ గుగ్రీలు మేం కరువు ఏడాది అమ్ముకున్నం. తెలియనోళ్ల కోసం చెప్తున్న, గుగ్రీ అంటే చెవికి పెట్టుకునేది కాదు. జుట్టుకు కట్టుకుంటే చెంపల మీదికి రెండు దిక్కులా వేలాడుతది. కింద చిన్న చిన్న గజ్జెలు ఉంటయి, నడుస్తుంటే చప్పుడైతది. లంబాడీ ఇంట్ల పెండ్లయిన ఆడమనిషికి అది గుర్తు. మీకు నల్లపూసలు ఎట్లనో మాకు అది అట్ల. వ్యాపారి తూకం వేసి వెండి ధర కట్టిండు, దాంట్ల కూడా తరుగు తీసిండు. నాలుగేండ్ల తర్వాత పట్నంల ఒక ఎగ్జిబిషన్‌కు పోతే అసుంటి గుగ్రీలే జత విడగొట్టి, గజ్జెలు కోసి చెవి కమ్మలు చేసి పెట్టిన్రు. మిగిలిన పైభాగం గొలుసుకు లాకెట్ అయింది. ధర మాకు ఇచ్చినదానికి ఎన్ని రెట్లో నేను లెక్క వెయ్యలే. నాకు బాధ అయింది ధర గురించి కాదు. అమ్మేటామెను "ఇది ఏంది?" అని అడిగితే "ట్రైబల్ పీస్" అన్నది. ఎవరిది, ఎక్కడ పెట్టుకుంటరు, ఏమీ తెల్వదు.

మా యాడి, అంటే అమ్మ, తరం దాకా చేతులకు బలియాలు, జుట్టుకు టోప్లీ, గుగ్రీ, మొత్తం పెట్టుకునేటోళ్లు. ఇప్పుడు తాండాల పూర్తి జత ఉన్న ఇండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవాటిని కూడా కమ్మలకని కోస్తే, రేపు మా పిల్లలకు చూపెట్టడానికి ఏం మిగులుతది?

పూసలోళ్ల మనవడు, ఖమ్మం:

చెల్లీ, నీ బాధ నిజం. కానీ పూస గురించి నా మాట కూడా విను. మాది పూసల కులం. మా నానమ్మ నెత్తిన బుట్ట పెట్టుకుని ఊరూరూ తిరిగి పూసలు, దువ్వెనలు, పిన్నులు, సవరాలు అమ్మేది. డబ్బుల్లేని ఇంట్లో రాలిన జుట్టు పోగుచేసి ఇచ్చినా తీసుకునేది. వీధి అరుగు మీద కూర్చుంటే చుట్టూ ఆడవాళ్లు చేరేవాళ్లు. కొంగున మూటగట్టుకొచ్చిన పూసలు ముందు పోసి "అవ్వా, పెరిగినయి" అనేవాళ్లు. తెగినయి అనకూడదు కదా. నానమ్మ అక్కడికక్కడే గుచ్చి ఇచ్చేది. తక్కువ పడితే బుట్టలోంచి కలిపేది. ఎక్కువైతే ఆ ఇంటి పాప చేతికి కట్టేది. తల్లి మెడలోవి కూతురి చేతికి వెళ్లడం రోజూ జరిగేదే. చెరిపేయడం అని ఎవరూ అనుకోలేదు.

పూస పుట్టిందే తిరగడానికి. ఏర్పేడు మండలం పాపానాయుడుపేటలో ఒకప్పుడు గాజుపూసలు చేసే పద్ధతి చూడండి. లాడ అనే ఇనుప గొట్టానికి కరిగిన గాజు పట్టించి, కొలిమి అవతలి నుంచి దాన్ని సన్నటి బోలు తీగలా బారున లాగేవాళ్లు. ముక్కలు నరికి, బూడిదలో కలిపి వేడి మీద తిప్పితే అంచులు గుండ్రబడేవి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ల కింద చేసిన పూసలదీ ఇదే లాగుడు పద్ధతి. అటు ఆగ్నేయాసియా నుంచి ఇటు తూర్పు ఆఫ్రికా దాకా దొరుకుతాయి కనుకే పీటర్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టాడు. అన్ని సముద్రాలు దాటిన పూస ఒకే దండలో ఉండిపోయిందంటారా? ఎన్ని దారాలు మారి ఉంటుంది! దండను ముట్టుకోవద్దంటే పూసను పెట్టెలో పాతిపెట్టినట్టే.

పాటిగడ్డ, పెద్దపల్లి:

పూసలోళ్ల అన్నా, మీ మాట ఇళ్లలో ఉన్న పూసలకు సరిపోతుంది. నేలలో ఉన్నవాటికి సరిపోదు. మాది ధూళికట్ట దగ్గరి పల్లె. పాటిగడ్డ, అంటే పాతకాలపు ఊరి దిబ్బ, మీద వాన పడి వెలిసిన పొద్దున పిల్లలం అందరం పూసలు ఏరుకునేవాళ్లం. ఎర్రవి, పచ్చవి, ఆవగింజంత గాజువి. అగ్గిపెట్టెలో దాచుకుని ఒకరికొకరు చూపించుకునేవాళ్లం. అప్పుడు తెలియదు. ఇప్పుడు "రెండు వేల ఏళ్ల నాటి పూసలతో చెవిపోగులు" అని ఆన్‌లైన్‌లో అమ్మకానికి చూస్తుంటే ఒళ్లు మండుతోంది.

తవ్వకాల్లో మట్టిని జల్లెడ పట్టేది ఇంతింత పూసలు కూడా జారిపోకూడదనే. ఏ పొరలో దొరికింది, పక్కన ఏ కుండపెంకు ఉంది, ఏ నాణెం ఉంది అన్నదే పూసకు వయసు చెబుతుంది. అక్కడినుంచి ఏరుకొచ్చి వెండి తీగకు గుచ్చామంటే దాని నోరు నొక్కేసినట్టే. ఇక అది ఎంత పాతదో పండితుడు కూడా కచ్చితంగా చెప్పలేడు, అమ్మేవాడి మాటే మిగులుతుంది. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన పురావస్తువును అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. దొరికిన ముక్కలతో నగలు చేసేవాళ్లు "ఎక్కడ దొరికింది?" అన్న ప్రశ్న ముందు తమను తామే అడుక్కోవాలి.

కాసులపేరు, హైదరాబాద్:

చట్టం మాట వచ్చింది కనుక ఇంకొకటి. పాత పెట్టెల్లో పులిగోరు లాకెట్లు, ఏనుగు దంతం గాజులు కనపడతాయి. తాతల నాటివే కావచ్చు. వాటిని ఇంకో నగలో పెట్టి అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి.

నాణేలకు బెజ్జం వేయాలా వద్దా అని నన్ను చాలామంది అడుగుతారు. బెజ్జం వేయకండి. అంచు చుట్టూ పట్టీ కట్టి కొక్కెం పెట్టొచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు నాణెం బయటికి వస్తుంది. అన్ని పాత రూపాయలూ ఒకటి కావు. బ్రిటిష్ రూపాయిలో 1940 నుంచి వెండి సగానికి పడిపోయింది, 1947లో పూర్తిగా నికెల్ అయింది. జర్మన్ సిల్వర్ అనేదాంట్లో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు మాత్రమే. నికెల్ పడక చెవులు పుండ్లు పడినవాళ్లను చూశాను. మందు పెట్టి నల్లబరిచిన కొత్త సరుకును పాతదని అమ్మడం నా దృష్టిలో దండ విప్పడం కంటే పెద్ద తప్పు.

గుంటూరమ్మాయి, న్యూజెర్సీ:

అమ్మ పోయాక బంగారం తూకం వేసి పంచారు. ముత్యాల దండ ఒక్కటీ పంచడానికి మనసొప్పక గుంటూరులో లాకర్‌లో పెట్టాం. పద్నాలుగేళ్లు ఎవరమూ వేసుకోలేదు. పోయినేడు తీస్తే ముత్యాలు పచ్చబారి, కళ తప్పి ఉన్నాయి. రెండు బీటలిచ్చాయి. గాలి, తేమ తగలక ముత్యం ఎండిపోతుందని అప్పుడు తెలిసింది. అక్కడే కూర్చుని అక్కా, నేనూ ఏడ్చాం. తర్వాత సగం సగం చేసుకున్నాం. నా సగం నేను ఆఫీసుకు కూడా వేసుకెళ్తున్నాను. చెరిపేశామని నాకనిపించడం లేదు. పద్నాలుగేళ్లు పెట్టెలో ఉంచడమే తప్పనిపిస్తోంది.

పూసలడబ్బా, విజయవాడ:

అందరివీ రెండుసార్లు చదివాను. తాండాబిడ్డ గారూ, మీకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేను. మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజార్‌లో ఒక సంచి గుగ్రీలు తూకానికి కొన్నాను. కొన్నింటి గజ్జెలు కోసి కమ్మలు చేశాను. అవి తల పక్కన వేలాడేవని నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు. అది నా తప్పు. ఇంకా పదకొండు ఉన్నాయి. వాటిలో నాలుగు జతలు పక్కాగా కుదురుతున్నాయి. ఏం చేయమంటారు?

పూసలోళ్ల అన్నా, మీ నానమ్మ పద్ధతికీ నేను చేసినదానికీ ఒక తేడా కనపడుతోంది. ఆవిడ అరుగు మీద కూర్చుని, ఆ పూస ఎవరిదో తెలిసి, వాళ్ల ముందే గుచ్చింది. మిగిలింది ఆ ఇంటి పాపకే వెళ్లింది. నేను సంచిలోంచి తీసి, ఎవరిదో తెలియకుండా కోశాను. పూస తిరగాలి, ఒప్పుకుంటాను. కానీ గుగ్రీ పూస కాదు. అది మొత్తంగా ఒక వస్తువు. పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్న వస్తువును ముక్కలు చేయను, ఇది మాత్రం నాకు తేలిపోయింది. కమ్మలకు వేలాడే పూసలే కావాలంటే ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పూసిన పూసలు కొత్తవే దొరుకుతాయి, వాటిని చేసే చేతులకు పని కూడా దొరుకుతుంది.

తాండాబిడ్డ, మహబూబాబాద్:

ఊకె తిరిగి ఇవ్వమని నేను అనను అక్కా, మీరు పైసలు పెట్టి కొన్నరు. జతలు మాత్రం విడగొట్టకున్రి. తీజ్ పండుగకు మా ఆడోళ్లు పాత తీరు ఫేటియా (లంగా), కాంచళి (రవిక) కట్టుకుంటున్నరు, గుగ్రీలేమో కొత్త తెల్ల లోహంవి తెచ్చుకుంటున్నరు. పాత జత దొరికితే కొనుక్కునేటోళ్లు ఉన్నరు. మీరు కొన్న ధరకే ఇయ్యున్రి, నేను అడిగి చెప్త. ఒంటరిగా మిగిలిన మూడు మీరు ఉంచుకోండి. వాటితోటి ఏం చేసినా, ఇది గుగ్రీ, లంబాడీ ఆడోళ్లది అని చీటీ రాసి పెట్టున్రి. గంతే.

పూసలోళ్ల మనవడు, ఖమ్మం:

అక్కా, తేడా ఉందన్నారు కదా, ఒప్పుకుంటున్నా. నానమ్మకు మనుషులు తెలుసు. అయితే మీ దండకు కూడా మనుషులు ఉన్నారు. మమ్మల్ని కాదు, వాళ్లను అడగండి. ఆ దండ వేసుకున్నామెను చూసినవాళ్లు ఇంకా ఉంటే ఇప్పుడే అడగాలి.

పూసలడబ్బా, విజయవాడ:

అడిగాను. నిన్న ఆవిడ వాళ్లమ్మగారిని తీసుకొచ్చారు. డెబ్బై దాటిన మనిషి, చూపు మందగించింది. దండ చేతికిస్తే వెనక్కి తడుముకుంటూ పోయి సూటిగా ఆ గాజుపూస దగ్గర ఆగారు. "ఇది నా వల్లే" అన్నారు. చిన్నప్పుడు నూతి దగ్గర వాళ్లమ్మ మెడ పట్టుకుని లాగితే దండ పెరిగి ఒక పగడం నీళ్లలో పడిందట. తండ్రికి చెప్పకుండా, మర్నాడు వీధిలోకి వచ్చిన పూసలామె దగ్గర ఎర్రగాజు పూస తీసుకుని గుచ్చించుకుందట వాళ్లమ్మ.

ఇంకో సంగతి కూడా చెప్పారు. అసలవి రెండు పేటలు కావు. పెళ్లికి పుట్టింటివాళ్లు ఒక పేట పెడితే, అత్తగారు తన మెడలోని పేట తీసి దానికి కలిపి గుచ్చించిందట. మళ్లీ తువ్వాలు మీద పరిచి చూస్తే అవును, ఒక పేటలో గుండ్లు నున్నగా ఉన్నాయి, రెండోదాంట్లో నకిషీ ఉంది. ఇన్ని రోజులు కళ్ల ముందే ఉన్నా నేను చూడలేదు.

కాబట్టి విడదీస్తున్నాను, కానీ మూడుగా కాదు. ఎవరి పేట వాళ్లదిగా రెండు చేస్తున్నాను. విప్పే ముందు పూస తర్వాత పూస వరుస మొత్తం ఫొటోలు తీశాను. పెద్దావిడ చెప్పింది రాసి దాంతోపాటు ఇస్తాను. ఇక మూడో మనవరాలి సంగతి తేలలేదు. ఆ పిల్ల రాత్రి ఫోన్ చేసి, పేట వద్దు, గాజుపూస ఒక్కటి ఇస్తే చాలంది. పెద్దావిడను అడిగి చెప్తానన్నాను.

గుంటూరమ్మాయి, న్యూజెర్సీ:

చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. దారం ఏది వాడుతున్నారండీ? నా సగం కూడా మళ్లీ వదులవుతోంది.

పూసలడబ్బా, విజయవాడ:

పాత ముత్యాల బెజ్జాలు మరీ సన్నం కాబట్టి సన్న పట్టుదారమేనండీ, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి. తెగినా ఒక్కటే జారుతుంది, అన్నీ దొర్లిపోవు. అత్తరు, సెంటు తగలనివ్వకండి, తీసిపెట్టే ముందు మెత్తటి బట్టతో చెమట తుడవండి. పగడాల్లో రెండింటికి బెజ్జం అంచు అరిగి పదునెక్కింది, దారాన్ని కోసేస్తోంది. వాటిలో మాత్రం సన్నటి వెండి గొట్టం దించి గుచ్చుతున్నాను.