అప్‌డేట్: చైన్ తిరిగి వేశాక పెడల్ జారడం ఆగిపోయింది

శుభ్రం చేయడానికి సైకిల్ చైన్ విప్పి మళ్లీ బిగించాక, తొక్కుతుంటే కాసేపటికోసారి టక్కుమని చైన్ ఎగిరిపడుతోందని ఇక్కడ అడిగాను కదా, అది సరైపోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "బిగుసుకున్న లింకు ఉందేమో చూడండి" అన్నవారికి.

సరిగ్గా అదే. వెనక చక్రం పైకి లేపి పెడల్‌ని మెల్లగా వెనక్కి తిప్పుతూ డిరైలర్ (వెనక గేర్లు మార్చే భాగం) కింది చిన్న చక్రం దగ్గరే చూస్తూ కూర్చున్నాను. అన్ని లింకులూ దాన్ని దాటగానే సాఫీగా నిటారు అవుతున్నాయి, ఒక్కటి మాత్రం వంకరగానే ఉండిపోయి డిరైలర్‌ని కొంచెం ముందుకు లాగుతోంది. చూస్తే అది పిన్ను నొక్కి కలిపిన లింకే! పిన్ను లోపలికి వెళ్లేటప్పుడు పక్క పలకలు మరీ దగ్గరకు నొక్కుకున్నాయి. టూల్ అవసరం లేకుండా, లింకుకి అటూ ఇటూ పట్టుకుని బొటనవేళ్లతో చైన్‌ని పక్కలకి (పైకీ కిందికీ కాదు) మెల్లగా వంచితే వదులైంది. ఒక చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచేశాను.

గేర్ కేబుల్ సర్దడం వల్ల ఏ తేడా లేదు. చైన్ సాగిందేమోనన్న టెన్షన్ కూడా అనవసరమే, స్కేలు పెట్టి కొలిస్తే ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్ను వరకు దూరం, సాగని చైన్‌కి ఉండాల్సినట్టే, కచ్చితంగా 12 అంగుళాలే ఉంది.