ముఠాయా, ముట్టాయా, మిట్టాయా?

గోదారిగట్టు: హవేలీ భూముల్ని ముఠాలు కట్టి వేలం వేశారని ఎక్కడో చదివాను. పుస్తకం గుర్తు రావట్లేదు. 1802లో కంపెనీవాళ్లు శిస్తుని శాశ్వతంగా ఖాయం చేసిన పర్మనెంట్ సెటిల్‌మెంట్, ఉత్తర సర్కారుల, అంటే మన కోస్తా జిల్లాల, సంగతి. హవేలీ అంటే మేడ కాదని, జమీందారు లేకుండా సర్కారు చేతికిందే ఉన్న భూములని తెలుసు. నన్ను పీకుతున్నది ముఠా. ఆ ఠాకి ఒత్తు సరైనదేనా?

ఒత్తులరాయుడు: ఉండాల్సిందే. హిందీలో ముట్ఠా అంటే గుప్పెడు, కట్ట. నాలుగు ఊళ్లు కలిపి కట్టగా కడితే ముఠా. ముఠా కూలీలూ అక్కణ్ణుంచే.

మన్యంపిల్ల: గోదావరి మన్యంలో, రంప వైపు, మా పెద్దవాళ్లు ముట్టా, దాని పెద్దని ముట్టాదారు అనే అంటారండీ. రంపని ఏలే మన్సబుదారు చిగురుపన్నని కల్లు మీద కూడా వసూలు మొదలెడితే 1879లో తిరగబడింది ఆ ముట్టాదార్లే. 1969లో ఆ పద్ధతి రద్దయ్యేదాకా ఆ పేరే.

ఒత్తులరాయుడు: దొరల స్పెల్లింగులో ఒత్తు ఎగిరిపోయింది, మనవాళ్లు దాన్నే చదువుకున్నారు. అంతే.

మన్యంపిల్ల: స్పెల్లింగు చూసి పలకడానికి మా తాతకి ఇంగ్లిషు రాదండీ.

సేలంబాబాయి: మా సేలం వైపు మిట్టా, మిట్టాదారు. అదే కాలం, అదే వేలం. మన మిట్ట, అంటే మెరకనేల, అందులో ఉందేమోనని నా అనుమానం.

ఒత్తులరాయుడు: మరి పల్లం ఎవరికిచ్చారు బాబాయ్?

గోదారిగట్టు: ఏడాదికి 1,000 నుంచి 5,000 స్టార్ పగోడాల (నాటి మద్రాసు బంగారు నాణేలు) శిస్తు వచ్చేలా కోశారట. మెరకా పల్లం చూసినట్టు లేదు. పాట పాడి కొన్నవాళ్లలో చాలామంది కట్టలేక వదిలేసుకున్నారు.

చాటుపద్యం: శ్రీనాథుడికి ఆ బాధ ఎప్పుడో తెలుసు! బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోయి, ఏడునూర్ల టంకాలు ఎట్లా చెల్లింతునని ఏడ్చాడు కదా. పంట కృష్ణ పట్టుకుపోయింది, మిగిలింది పిట్టలు తినేశాయి.

ఒత్తులరాయుడు: గొడ్డేఱి. బండి ఱ.

చాటుపద్యం: బండి ఱ సరే, అర్థం చెప్పండి మాస్టారూ. గుత్తకు తీసుకునా? గొడ్డునేల ఏరుకునా?

సేలంబాబాయి: గుత్తే. కష్టాల్లో కూడా పిట్టల్ని బిలబిలాక్షులన్నాడే, ఆ మనిషికి దణ్ణం పెట్టాలి.

చాటుపద్యం: గొడ్డుకి గుత్తకి ఏం చుట్టరికం బాబాయ్? నేను ఒప్పుకోను.

గోదారిగట్టు: నా ముఠా?

ఒత్తులరాయుడు: చెప్పాను కదా, ఒత్తుంది.

మన్యంపిల్ల: లేదు.