కర్రతో తాళం వేస్తుంటే నోరు తప్పుతోంది, రేపే మొదటి డాన్స్ క్లాసు

మధురవాడ మంజీరం: రాత్రి 7 నుంచి కూర్చున్నాను, ఇప్పుడు 10:40. కర్రతో తాళం వేస్తూ నోటితో నాట్యం మాటలు చెప్పబోతే మూడో కాలంలో (మొదటిదానికి నాలుగింతల వేగం) తప్పిపోతున్నాను. నేనే లేచి ఆడితే ఏ ఇబ్బందీ లేదు. 31 ఏళ్లప్పుడు మొదలుపెట్టి 8 ఏళ్లు నేర్చుకున్నాను, అరంగేట్రం కూడా అయింది. రేపు సాయంత్రం మా అపార్ట్‌మెంట్ హాలుకి తొమ్మిదిమంది పిల్లలొస్తారు, వెనక వాళ్ల అమ్మలు కూర్చుంటారు. పెద్దయ్యాక నేర్చుకున్నదాన్ని, నేర్పడం నావల్ల కాదేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా సరిచేసుకోవాలి?

గాజువాక గజ్జెలు: ఏ నాట్యం? ఏది తప్పుతోంది?

భాషాభిమాని: ముందు ఒక మాట తల్లీ. అరంగేట్రం తమిళం. అరంగు అంటే వేదిక, ఏట్రం అంటే ఎక్కడం. మనకు రంగప్రవేశం అని చక్కటి మాట ఉంది. కూచిపూడి పుట్టిన రాష్ట్రంలో ఉండి మనమే ఇలా రాస్తే, రేపు ఆ తొమ్మిదిమందీ అదే పట్టుకుంటారు.

గాజువాక గజ్జెలు: రంగప్రవేశం మాత్రం సంస్కృతం కదా మాస్టారూ?

భాషాభిమాని: తత్సమం. తేడా తెలియకపోతే వ్యాకరణం తిరగెయ్యండి.

మోకాళ్ల గోల: హాల్లో నేల ఏంటి? గ్రానైటా, టైల్సా? ఇది ఎవరూ అడగరు. అరమండిలో, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు ఉండి రాయి మీద పాదం కొడితే ఆ దెబ్బంతా మడమకీ మోకాలికీ వెళ్తుంది. అడుగున ఖాళీ ఉన్న చెక్క నేలయితే కొంచెం దిగి ఆ దెబ్బని తను తీసుకుంటుంది. చాప పరుస్తానంటారేమో, అది జారుతుంది. పైగా మన వైజాగ్ ఉక్కకి పదినిమిషాల్లో చెమట నేలమీదే ఉంటుంది. నేను ఇరవై ఏళ్లు సిమెంటు మీద ఆడాను, ఇప్పుడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటున్నాను.

విజయనగరం వాసి: సర్టిఫికెట్ ఏమైనా ఉందా అమ్మా? మా ఊళ్లో సంగీత నృత్య కళాశాల 1919 నుంచి ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. మధురవాడ నుంచి ఎంత దూరం గనక? చేరి, పరీక్ష రాసి, అప్పుడు నేర్పండి.

మధురవాడ మంజీరం: రేపు సాయంత్రానికి పరీక్ష అవదు కదండీ. తప్పుతున్నది నాట్టడవు.

మృదంగం మావయ్య: అడవు అన్నారంటే మీది భరతనాట్యం. కూచిపూడి వాళ్లు అడుగు అంటారు. ఈ ముక్క ముందే చెప్పుంటే ఇంత గోల ఉండేది కాదు.

నాట్టడవు మాటలు ఇవీ: తై యుం తత్ తత్ తై యుం తా. మాటలు ఏడే, స్థానాలు ఎనిమిది. 'తా' తర్వాతది ఖాళీ. మొదటి కాలంలో ఆ ఖాళీ మీద కూడా కర్ర పడుతుంది కాబట్టి తప్పరు. మూడో కాలంలో దెబ్బకు నాలుగు స్థానాలు, అంటే ఆదితాళం ఎనిమిది దెబ్బల్లో వరుస నాలుగుసార్లు రావాలి. అక్కడ ఖాళీకి దెబ్బ లేదు, నోరు దాన్ని మింగేసి మళ్లీ 'తై' మీదకి దూకుతుంది. ఆడేటప్పుడు పాదం ఆగి ఆ ఖాళీని చూసుకునేది. ఇప్పుడు కూర్చున్నారు, చూసేవాళ్లు లేరు.

గమనించారా, మూడో కాలంలో ప్రతి దెబ్బా 'తై' మీదే పడుతుంది. ముందు కర్ర వేస్తూ ఒట్టి తై, తై అని ఎనిమిది చెప్పండి. అది కుదిరాక మధ్యవి నింపండి. 'తా'ని 'తా ఆ' అని సాగదీయండి.

అసలు మొదటి రోజు మూడో కాలం ఎవరడిగారు? నమస్కారం, అరమండి, మొదటి తట్టడవు (పాదం తట్టే అడవు) మొదటి కాలంలో. గంట అయిపోతుంది.

బీచ్ రోడ్ బాలామణి: పెద్దయ్యాక నేర్చుకున్నానని దిగులెందుకు చెల్లీ? రుక్మిణీదేవి అరండేల్ పుట్టింది 1904లో. ఆవిడ భరతనాట్యం తొలి ప్రదర్శన 1935లో, అంటే 31 ఏళ్లకి. మరుసటేడే కళాక్షేత్రం అనే నాట్య పాఠశాల పెట్టింది.

గాజువాక గజ్జెలు: ఆవిడ అంతకుముందే బాలే నేర్చుకున్నారు. భరతనాట్యానికి గురువు మీనాక్షిసుందరం పిళ్లై. పోలిక వద్దు.

బీచ్ రోడ్ బాలామణి: ధైర్యం చెప్పడం కూడా తప్పేనా?

మధురవాడ మంజీరం: ఒట్టి తై కుదిరింది. మధ్యవి నింపితే పదిసార్లలో ఏడుసార్లు వస్తోంది. కర్ర చప్పుడుకి అత్తయ్యగారు లేచారు, పడుకుంటున్నా. థాంక్స్ మావయ్యగారూ.

భాషాభిమాని: భరతనాట్యమైతే అరంగేట్రం అనుకోండి. కూచిపూడికి మాత్రం ఒప్పుకోను.

మోకాళ్ల గోల: నేల సంగతి చెప్పనే లేదు.