మాకిచ్చిన ఐదు ఇళ్ళ దగ్గర అసలు ఏం నేర్చుకోవాలి?

సెకండియర్_మన్యం:
ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ సెకండియర్ చదువుతున్నాను. మాది పార్వతీపురం దగ్గర పల్లెటూరు. ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రాం కింద, ఆరోగ్యం గమనిస్తూ ఉండమని నాకు ఐదు కుటుంబాలు ఇచ్చారు. కాలేజీ బస్సులో అందరం వెళ్తాం, బీపీ చూస్తాం, బరువు తూస్తాం, లాగ్‌బుక్ నింపుతాం, గ్రూప్ ఫొటో దిగి మధ్యాహ్నానికి వచ్చేస్తాం. మొన్న ఒక ముసలమ్మ "చూసి పోతారు గానీ మాత్రలేవి?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

చదువయ్యాక సీతంపేట వైపు పీహెచ్‌సీలో చేయాలని ఉంది. సవర భాష కొంచెం అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. ఫ్రెండ్సేమో ఇదంతా టైం వేస్ట్, ఇప్పుడే నీట్ పీజీ కోచింగ్‌లో చేరమంటున్నారు. ఏజెన్సీలో పనిచేసిన సార్లు, మేడమ్‌లు ఎవరైనా చెప్పండి, ఇప్పటి నుంచి ఏం నేర్చుకుంటే అక్కడ పనికొస్తుంది?

పాత_మెడికల్_ఆఫీసర్:
పాడేరు డివిజన్ పీహెచ్‌సీల్లో చాలా ఏళ్ళు చేశానమ్మా. ముందు ఆ ముసలమ్మ సంగతి తేల్చు. ఆవిడ బీపీ నీ లాగ్‌బుక్‌లో ఉంది సరే, సబ్‌సెంటర్ ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి జబ్బుల) రిజిస్టర్లో ఉందా? ఏఎన్ఎంకి చెప్పావా? మందులిచ్చే 104 బండి ఆ ఊరికి ఏ రోజు వస్తుందో తెలుసా? బీపీ మాత్ర అక్కడ దొరుకుతుంది. నీ పుస్తకంలో అంకెను వాళ్ళ రిజిస్టర్లోకి ఎక్కించి, వచ్చే నెల మాత్రలు అందాయో లేదో అడగడం ఇప్పుడు కూడా చేయగలవు. దానికి డిగ్రీ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. టీచింగ్ హాస్పిటల్లో మీరు చూసేవి ఎక్కువగా ఎక్కడి నుంచో పంపించిన కేసులు. పీహెచ్‌సీలో చేయాల్సింది పంపే ముందు వైద్యం. దాన్ని పనిగట్టుకుని నేర్పేవాళ్ళు తక్కువ. ఫిట్స్‌తో వచ్చిన గర్భిణికి రిఫరల్ చీటీ రాసి అంబులెన్స్ ఎక్కిస్తే నీ పని అయిపోయినట్టు కాదు. పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్ వంద కిలోమీటర్ల పైనే, అందులో ఘాట్ రోడ్డు. ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కో పిరుదుకి 5 గ్రాముల చొప్పున మొదటి డోసు నువ్వే ఇచ్చి ఎక్కించాలి. లేబర్ రూములో ఇంటర్న్‌షిప్ చేసేటప్పుడు ఆ ఇంజెక్షన్ నీ చేత్తో లోడ్ చెయ్యి, సిస్టర్ చేస్తుంటే చూడటం కాదు.

పాము కాటూ అంతే. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజర విషం ఎక్కిందనుకుని యాంటీవెనమ్ మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు. కట్లపామైతే రక్తం గడ్డకడుతుంది, కాటు దగ్గర వాపూ నొప్పీ పెద్దగా ఉండవు, పేషెంటు కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలుతుంటాయి. కడుపునొప్పికి ఇంజెక్షన్ వేసి పంపేశావో, అంతే. ఈ పరీక్షకు కరెంటు కూడా అక్కర్లేదు, అయినా చాలామంది ఇంటర్న్‌లు స్వయంగా చేసి ఉండరు.

ఇంకొకటి, సంత. జనం కొండ దిగేది ఆ రోజే. ఓపీ ఆ రోజు కిక్కిరిసిపోతుంది, మిగతా రోజుల్లో ఖాళీ. "ఏడో తారీఖున రండి" అంటే ఎవరూ రారు, "వచ్చే సంతకి రండి" అంటే వస్తారు. వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి, అంటే మధ్యలో ఒక సంత తగులుతుంది. ఆ రోజు పిలిచి మాత్రల షీటు తీసి చూడు, మిగిలినవి లెక్కపెట్టు. జీ6పీడీ లోపం (ఇది ఉన్నవాళ్ళకి ప్రైమాక్విన్ ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి) సంగతి మర్చిపోకు, మన్యంలో అది పుస్తకంలో ఉండే ప్రశ్న కాదు.

రక్తం తక్కువగా ఉన్న పిల్లలందరికీ ఐరన్ రాసి ఊరుకునే అలవాటు చేసుకోవద్దు. కీళ్ళ నొప్పులు, మాటిమాటికీ జ్వరం ఉంటే సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్ష అయిందా అని అడుగు. 2023 జూలైలో జాతీయ మిషన్ మొదలయ్యాక పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. నీ ఐదు ఇళ్ళల్లో ఆ కార్డు ఉందేమో చూడు.

సబ్‌సెంటర్_ఏఎన్ఎం:
డాక్టర్ గారు చెప్పింది నిజమే, కానీ అసలు మీ బస్సు పదింటికి వస్తుంది కదా డాక్టరమ్మా. ఆ టైంకి ఊళ్ళో ఎవరుంటారు? పోడుకో, ఉపాధి పనికో పోతారు. జీడి పిక్కల సీజన్లో అయితే ఊరంతా కొండ మీదే. మీరు చూసేది ముసలాళ్ళనీ పిల్లల్నీ. బుధవారమో శనివారమో, టీకాల రోజు రండి, తల్లులు ఉంటారు. నెలలు నిండిన గర్భిణిని కాన్పు దాకా ఉండే వసతి గృహానికి వచ్చి ఉండమంటే ఎందుకు రాదో ఆమెనే అడగండి. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లల్ని ఎవరు చూస్తారంటుంది. మేం ఏళ్ళ తరబడి పైకి రాసే రిపోర్టుల్లో దానికి గడి లేదు. భాష సంగతి ఆశా వర్కర్‌తో తిరిగితే వస్తుంది, "ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి" అనేవి ముందు నేర్చుకోండి.

క్వీన్స్‌లాండ్_నుంచి:
గుంటూరులో చదివి ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఒక చిన్న టౌన్‌లో జీపీని (అన్ని జబ్బులూ చూసే జనరల్ డాక్టర్‌ని). బయట చదివొచ్చిన డాక్టర్లకి ఇక్కడ పదేళ్ళ మారటోరియం ఉంది, డాక్టర్లు కరువైన చోట పనిచేస్తేనే మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లింగ్. మన దగ్గర పల్లెకి వెళ్ళమంటే ముఖం తిప్పుకున్న బ్యాచ్ మాది, ఇక్కడ చట్టం పంపిస్తే నోరు మూసుకుని వచ్చాం. నవ్వుకోండి.

అయితే బలవంతంగా వచ్చినవాడు గడువు తీరగానే బ్రిస్బేన్‌కి ఇల్లు మారుస్తాడు. టౌన్స్‌విల్‌లో జేమ్స్ కుక్ యూనివర్సిటీ 2000లో మెడిసిన్ మొదలుపెట్టినప్పుడే ఆ చుట్టుపక్కల పిల్లల్ని చేర్చుకోవడం మీద దృష్టి పెట్టింది. చదువు మధ్యలో వారాల తరబడి మారుమూల ఆసుపత్రుల్లో ఉంచుతారు. మా క్లినిక్‌కి వచ్చే వాళ్ళ స్టూడెంట్స్‌కి ఊళ్ళో ఎవరి గొడ్లు ఎవరివో కూడా తెలుస్తుంది. మీరు ఆ ప్రాంతం అమ్మాయే కాబట్టి సగం పని అయినట్టే.

పాత_మెడికల్_ఆఫీసర్:
అంత దూరం పోనక్కర్లేదు సార్, వార్ధా దగ్గర సేవాగ్రామ్ కాలేజీ ఉంది. 1969లో పెట్టినప్పటి నుంచీ మొదటేడు పిల్లలు ఊళ్ళో క్యాంపు వేసుకుని ఉంటారు, తమకిచ్చిన ఇళ్ళకి చదువు మధ్యలో మళ్ళీ మళ్ళీ వెళ్తారు. రాత్రి అక్కడే పడుకుంటే తప్ప ఊళ్ళో ఎవరు తాగుతారో, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలీదు. మన దగ్గర బస్సు డ్రైవర్ డ్యూటీ టైంని బట్టి నడుస్తుంది ప్రోగ్రాం.

సెకండియర్_మన్యం:
చాలా థ్యాంక్స్ అందరికీ. బుధవారం ఏఎన్ఎం మేడమ్‌తో వెళ్తాను. కాలేజీ బస్సులో కాకుండా సొంతంగా వెళ్తే పర్మిషన్ కావాలా? కోచింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు సార్.

పాత_మెడికల్_ఆఫీసర్:
కమ్యూనిటీ మెడిసిన్ హెచ్‌ఓడీకి లెటర్ పెట్టు, కాపీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి ఇవ్వు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఒంటరిగా వద్దు. పీజీ రాయాల్సిందే, నేనేమీ వద్దనను. సర్వీసులో చేరాక ఇన్‌సర్వీస్ కోటాలో (ప్రభుత్వ డాక్టర్లకి ఉంచే సీట్లలో) పీజీ చేసిన వాళ్ళు మా బ్యాచ్‌లో ఉన్నారు. రూల్స్ మారుతుంటాయి, ఆ ఏడాది జీవో చూసుకో. పీజీలో ఎలాగూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో ఉండాలి, అప్పుడు కొత్తగా బెదరవు. కోచింగ్ ఫైనలియర్‌లో చూసుకోవచ్చు, ఇప్పుడు ఫార్మకాలజీ సరిగ్గా చదువు.