టెన్త్ తర్వాత ఐటీఐయా, పాలిటెక్నికా, ఒకేషనల్ ఇంటరా? అప్రెంటిస్ దేనికి తొందరగా దొరుకుతుంది?

టెక్కలి_కుర్రోడు
తమ్ముడు టెన్త్ పాసయ్యాడు. లెక్కలంటే ఆమడ దూరం. ఇంట్లో మిక్సీ పాడైతే మాత్రం విప్పి బాగుచేసేదాకా అన్నానికి రాడు. ఎంపీసీ వద్దంటే నాన్న ఒప్పుకున్నారు, అదే పెద్ద పండగ మాకు. ఐటీఐ ఎలక్ట్రీషియన్, పాలిటెక్నిక్, ఒకేషనల్ ఇంటర్, ఈ మూడింట్లో ఏది చేస్తే అప్రెంటిస్ (కంపెనీలో చేరి పని నేర్చుకునే శిక్షణ) త్వరగా దొరుకుతుంది? విశాఖ వైపు అయితే మేలు. హాస్టల్ ఉన్న గవర్నమెంటు ఐటీఐ తెలిస్తే చెప్పండి. చెల్లి తొమ్మిదిలో ఉంది, ఆడపిల్లలకి వీటిలో ఏది బాగుంటుందో అది కూడా.

ఆకురాయి_బాబాయ్
ఐటీఐలో వేసెయ్, రెండో మాట వద్దు. కాకపోతే వాడికి ముందే చెప్పు. నేను ఫిట్టర్ చేశాను. మొదట్లో వైసుకి ఇనప ముక్క బిగించి రోజంతా ఆకురాయి పట్టడమే. తర్వాత మా సారు దానికి ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి కిటికీ వైపు ఎత్తి చూసేవారు. సందులోంచి సన్నగీతంత వెలుగు కనబడినా మళ్లీ మొదలు. అరచేతులు బొబ్బలెక్కి కొందరు దసరాకి ఇంటికెళ్లి తిరిగి రాలేదు. నిలబడ్డవాళ్లం మాత్రం తలో ఫ్యాక్టరీలో స్థిరపడ్డాం.

ఈసెట్_ర్యాంకర్
పాలిటెక్నిక్ బ్రో. మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ సెకండియర్. నేనలాగే వెళ్లాను. ఇంటర్ నుంచి వచ్చినవాళ్లు ల్యాబులో బిక్కమొహాలు వేసుకుని నా టేబుల్ దగ్గరికే వచ్చేవాళ్లు. ఐటీఐ చేస్తే జన్మంతా హెల్పరే.

ఆకురాయి_బాబాయ్
హెల్పరా? మీ బీటెక్ ట్రైనీలకి మైక్రోమీటర్ ఎలా పట్టుకోవాలో నేర్పేది మేమే నాయనా. లెక్కలంటే భయం అని ఆ అబ్బాయి మొదటి లైన్లోనే రాశాడు. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలీసెట్‌లో ఎక్కువ మార్కులు వేటికో రాసినవాడివి నీకు తెలీదా?

కరీంనగర్_కరెంట్
అందరు గొప్పలే చెప్తున్రు. అప్రెంటిస్ల ఏమైతదో ఒక్కలు చెప్పరు. నేను ఎలక్ట్రీషియన్ జేసి ఒక ప్రైవేట్ కంపెనీల చేరిన. ప్యానల్ బోర్డు దగ్గరికి రానియ్యలే. డబ్బాలు మోసుడు, గోడౌన్ ఊడ్సుడు, నైట్ షిఫ్ట్. ఇచ్చింది ఏడు వేలు, రూం కిరాయికే సగం పాయె. ఏడాది ఐనంక సర్టిఫికెట్ చేతుల వెట్టి పొమ్మన్నరు. గిది ట్రైనింగ్ గాదు, సగం కూలికి పని.

రిటైర్డ్_టీఓ
సర్వీసంతా ఐటీఐలో ట్రైనింగ్ ఆఫీసరుగా చేసినవాణ్ణి, తెలిసే మాట్లాడుతున్నాను. అది కూలీ కాదు, జీతమూ కాదు, స్టైపెండు. 1961 అప్రెంటిసెస్ చట్టం 18వ సెక్షన్ చదవండి, అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణ పొందేవాడు. 2019 రూల్స్‌లో ఐటీఐ వాళ్లకి నెలకి కనీసం 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000 అని పెట్టారు. కనీసం అంటే అంతకు తగ్గకూడదని, అంతే ఇవ్వాలని కాదు. ఇక ట్రేడ్ అప్రెంటిస్‌ని రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (వీటిని చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా పనిలో పెట్టకూడదు. మీరు ఫిర్యాదు చేశారా?

కరీంనగర్_కరెంట్
గీ సెక్షన్లు మీ ఫైల్ల ఉంటయ్ సార్, సూపర్‌వైజర్‌కు తెల్వయ్. ఫిర్యాదు జేస్తే ఆఖరి నెల హాజరు ఎవడేస్తడు? హాజరు లేకుంటే పరీక్షకు కూసోనియ్యరు. కార్మికుడు గాదంటున్రు, మరి చెయ్యి మిషన్ల వడితే?

రిటైర్డ్_టీఓ
పరిహారం యజమానే ఇవ్వాలి. 16వ సెక్షన్. కార్మికుడు కాకపోయినా ఇది వర్తిస్తుంది. చదవకుండా వాదిస్తే నేనేం చేయను?

జీడిమెట్ల_షెడ్డు
ఓనర్లందర్నీ ఒకే గాటన కట్టకండి. 30 మందికి తక్కువ కాకుండా ఉన్న చోట కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లను పెట్టుకోవాల్సిందే, మా ఇష్టాయిష్టాలు లేవు. వచ్చిన కుర్రాడికి మల్టీమీటర్ ఏ రేంజిలో పెట్టాలో తెలీదు. ఓమ్స్‌లో (కరెంటు లేనప్పుడు రెసిస్టెన్స్ కొలిచే రేంజి) పెట్టి లైవ్ సప్లై మీద ఆనించిన ఘనుణ్ణి చూశాను. నేర్పించి దారిలో పెట్టేసరికి పక్క షెడ్డువాడు రెండు వేలు ఎక్కువిచ్చి లాక్కుపోతాడు.

కరీంనగర్_కరెంట్
ఆ రెండు వేలు మీరే ఇయ్యరాదు?

జీడిమెట్ల_షెడ్డు
కరెంటు బిల్లు నువ్వు కడతావా?

లోకోషెడ్_కాజీపేట
ఈ లొల్లి ఎందుకు, రైల్వేల అప్రెంటిస్ చెయ్యి తమ్మీ. ఉద్యోగం గ్యారంటీ.

రిటైర్డ్_టీఓ
గ్యారంటీ కాదు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకి లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు, అంతే. పరీక్ష రాయాలి, పాసవ్వాలి. ఏ సంస్థ అయినా సరే, ఉద్యోగం ఇచ్చి తీరాలని 22వ సెక్షన్ చెప్పదు. 1995లో యూపీ ఆర్టీసీ అప్రెంటిస్‌ల కేసులో సుప్రీంకోర్టు అన్నది కూడా ఇంతే: మిగతా అర్హతలన్నీ సమానమైతే శిక్షణ పొందినవాడికి ప్రాధాన్యం ఇవ్వండి అని.

లోకోషెడ్_కాజీపేట
మా బావమరిదికి వచ్చింది సార్.

రిటైర్డ్_టీఓ
పరీక్ష పాసై ఉంటాడు.

టెక్కలి_కుర్రోడు
రైల్వేకి సెలక్షన్ ఎలా చేస్తారండీ? హాస్టల్ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆకురాయి_బాబాయ్
రైల్వే అప్రెంటిస్‌కి రాత పరీక్ష ఉండదు. టెన్త్ మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ లిస్టు వేస్తారు. టెన్త్‌లో 50 శాతం ఉండాలి, మీవాడి మెమో ఓసారి చూడు. విశాఖలోనే కావాలంటే నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిసెస్ స్కూలుంది, దానికి పరీక్ష పెడతారు. అందులో లెక్కలూ వస్తాయి, ఇప్పట్నుంచే కూర్చోబెట్టు.

ఎంఎల్‌టీ_అక్క
ఒకేషనల్‌ని ఎవరూ పట్టించుకోలేదు, ఎప్పుడూ ఇంతే. నేను ఒకేషనల్ ఇంటర్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) చదివాను. "మార్కులు రానివాళ్ల గ్రూపు" అని మా మేనత్త ఊరంతా చెప్పింది. తర్వాత గవర్నమెంటు ఆసుపత్రి ల్యాబులో ఏడాది అప్రెంటిస్ చేశాను. చంటిపిల్లల నుంచి రక్తం తియ్యాలంటే పెద్ద టెక్నీషియన్లు కూడా నన్నే పిలిచేవారు. ఇప్పుడు మేనత్త షుగర్ టెస్టుకి నా దగ్గరికే వస్తుంది, పరగడుపున రమ్మంటే టీ తాగి వస్తుంది. తమ్ముడూ, మీ చెల్లికి ఇది చూడు. రెండేళ్ల ఇంటరొక్కటీ సరిపోదు. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకి ఆ ఏడాది శిక్షణ సర్టిఫికెట్ అడుగుతారు, వదలొద్దు.

ఈసెట్_ర్యాంకర్
ఒకేషనల్ చేస్తే ఎంసెట్‌కి (ఇప్పటి ఈఏపీసెట్) పనికిరాదు కదా అక్కా.

ఎంఎల్‌టీ_అక్క
బ్రిడ్జి కోర్సు పేపర్లు రాస్తే పనికొస్తుంది. తెలియనివాటి మీద తీర్పులివ్వకు బాబూ. ఇందాక ఐటీఐ వాళ్లని హెల్పర్లన్నావు, ఇప్పుడు మేమా?

దమ్మాం_వెల్డర్
ఏ కోర్సైనా చెయ్యండి, చెయ్యి కుదరాలి. నాకు ఐటీఐ వెల్డర్ సర్టిఫికెట్ ఉంది. ఇంటర్వ్యూలో అది పక్కన పెట్టి, 6జీ టెస్టన్నారు. పైపుని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, దాన్ని తిప్పకూడదు, మనమే చుట్టూ తిరిగి వెయ్యాలి. కింది వైపు పడుకుని వేస్తుంటే నిప్పురవ్వలు కాలర్లోకి పడతాయి. చెయ్యి వణికితే అంతే, తర్వాత ఎక్స్‌రే తీస్తే లోపలి గాలిబుడగలన్నీ బయటపడతాయి. అందులో నెగ్గాకే జీతం మాట ఎత్తారు.

లోకోషెడ్_కాజీపేట
అన్నా ఇప్పుడు సౌదీకి వెల్డర్లను తీస్కుంటున్రా? ఏజెంటుకు ఎంతియ్యాలె?

దమ్మాం_వెల్డర్
ఇన్‌బాక్స్‌కి రా.

రిటైర్డ్_టీఓ
చర్చ పక్కదారి పడుతోంది. తెలంగాణలో ఉన్నవాళ్లు ఏటీసీలు కూడా చూడండి. 65 గవర్నమెంటు ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేశారు. రోబోటిక్స్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్లు) లాంటివి ఉంటాయి.

కరీంనగర్_కరెంట్
మిషన్లు మంచిగనే వస్తయ్ సార్, నేర్పెటోళ్లు రావాలె.

టెక్కలి_కుర్రోడు
ఇంట్లో ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కే అనుకుంటున్నాం. ఒక అనుమానం. వాడి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, టెన్త్ మెమోలో పూర్తిగా ఉంది. ఇబ్బందా?

జీడిమెట్ల_షెడ్డు
పెద్ద ఇబ్బందే. అప్రెంటిస్ కాంట్రాక్టు పోర్టల్‌లో చెయ్యాలి, ఆధార్‌తో పేరు కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. స్టైపెండులో కేంద్రం వాటా, 1,500 దాకా, నేరుగా కుర్రాడి ఖాతాకే వేస్తారు, ఆ ఖాతాకి ఆధార్ లింకు ఉండాలి. మా షెడ్డులో ఒక కుర్రాడిది ఇదే గొడవతో నెలల తరబడి రాలేదు. ఐటీఐ అడ్మిషన్ కంటే ముందే మెమో పట్టుకెళ్లి ఆధార్ సెంటర్లో మెమోలో ఉన్నట్టే మార్పించండి. మెమో మార్చాలంటే బోర్డు చుట్టూ తిరగాలి, ఆధార్ మార్చడమే సులువు.